ఈ ఏడు గునుగు ఇవ్వలేదు

ఈ ఏడు పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మకు నా దొడ్లో పూసిన గునుగును గల్లీకి ఇవ్వలేదు. ఒక్క కాడ కూడా ఇవ్వలేదు. గేటుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టి తాళం వేశాను. ముసలిదానికి మతి చెడిందని గౌలిపురలో మా గల్లీ మొత్తం అనుకుంది. అనుకోనివ్వండి. కోపం వచ్చిన ఆడమనిషికి మతి చెడిందని అనడం మా గల్లీలో పాత అలవాటు. అట్లా అంటే ఇక ఆ కోపం ఎందుకు వచ్చిందని ఎవరూ అడగనక్కరలేదు.

ముందు పూల సంగతి చెప్పాలి. గొడవ మొదలైంది వాటి దగ్గరే. గునుగు నడుమెత్తు పెరిగే మొక్క. కొసన వేలెడు పొడవున తెల్లని కుచ్చు, అడుగున కొద్దిగా గులాబీ రంగు. ముట్టుకుంటే పిల్లి తోకలా మెత్తగా ఉంటుంది. బతుకమ్మలో సగం అదే. కాడలను సమానంగా కత్తిరించి, కుచ్చులను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, తాంబాళంలో గుమ్మడాకుల మీద గుండ్రంగా, వరస మీద వరస పేరుస్తారు. దానికి తోబుట్టువు ఇంకొకటి ఉంది, పట్టుకుచ్చు. కొందరు సీతజడ అంటారు. దానికి రంగు అద్దే పని లేదు, ఎరుపో పసుపో పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. నర్సరీల్లో నల్ల కవర్లలో అమ్ముతారు, పార్కుల్లో మడులు కట్టి నాటుతారు. రెండూ ఒక్క వానాకాలం బతికి, గింజ రాల్చి పోతాయి.

నేను ముప్పై నాలుగేళ్లు విత్తనాల పరీక్షశాలలో పనిచేసి రిటైరయ్యాను. రైతులకు అమ్మే సంచుల నుంచి నమూనా వస్తుంది. దాన్ని తెల్ల కాగితం మీద పోసి, భూతద్దం కింద పట్టకారుతో గింజ గింజా వేరు చేయాలి. మంచి గింజ ఒక పక్క, చెత్త ఒక పక్క, కలుపు గింజ ఒక పక్క. జొన్న నమూనాలో ఆవగింజకంటే చిన్నగా, నూనె పూసినట్టు మెరిసే నల్లని గింజ కనిపిస్తే అది గునుగు. రిజిస్టర్లో దాని గడి కలుపు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకొని బయటికొస్తే, ఆఫీసు ముందు మడుల్లో పట్టుకుచ్చు వరసలు వరసలుగా పూసి ఉండేది. దానికి తోటమాలి, నీళ్ల పైపు, చుట్టూ సున్నం కొట్టిన ఇటుకలు. రెండింటి గింజలను పక్కపక్కన పెడితే నేను తేడా చెప్పలేకపోయేదాన్ని. ఎవరు ఏ గడిలో రాశారన్నదే తేడా. ఈ మాట నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తట్టలేదు. చెప్పిన గడిలో రాశాను.

మా ఇంటి వెనక దొడ్డి ఒకప్పుడు పాలవాళ్ల బర్రెల కొట్టం. మేము ఇల్లు కొన్నప్పుడు ఆ కొట్టం కూడా కలిపి కొన్నాం. ఏళ్ల తరబడి బర్రెలు నిలబడ్డ నేల కాబట్టి ఏం చల్లినా ఎగిసి వస్తుంది. పరీక్ష అయ్యాక పారేసే కలుపు గింజల్లోంచి నేను తెచ్చిన గునుగు ఒక మూల, ఆఫీసు మడిలో రాలిన పట్టుకుచ్చు ఒక మూల వేశాను. నాలుగేళ్లకు మూలలు లేవు, అంతా కలిసిపోయింది. మృగశిర చినుకు పడ్డాక ఏ రోజు మొలిచింది, ఏ రోజు మొదటి కుచ్చు కనిపించింది, అన్నీ నా డైరీల్లో ఉన్నాయి. పదిహేడో ఏట నుంచి రాస్తున్నాను. రోజుకు ఒక పేజీ, దాటను, వదలను.

ఆ కొట్టం అమ్మినవాళ్లది మా పక్కిల్లే. ఇప్పుడు వాళ్లకు బర్రెలు లేవు, కొడుకులు ప్యాకెట్ల పాలు అమ్ముతారు. అయినా అది పాలిల్లే, ఆ ఇంటి పెద్దామె నాకు పాలింటి వదినే. నాకంటే రెండేళ్లు పెద్ద. గల్లీ బతుకమ్మను ఆమె వాకిట్లోనే పేరుస్తారు. ఎవరు ఏ వరస పెట్టాలో ఆమే చెబుతుంది. మనిషి చెడ్డది కాదు. నా మోకాళ్ల ఆపరేషనప్పుడు పదిహేను రోజులు అన్నం పంపింది. ఈ మాట రాయకపోతే అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను, కోపం తగ్గి కాదు.

పదకొండేళ్ల కింద మా ఆయన పోయాడు. ఆ ఏడు పెత్రమాస నాడు, అంటే పండుగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ రోజు, నేను ఎప్పటిలాగే పూలు కోసి, తడిగుడ్డ కప్పి, వదిన వాకిట్లోకి తీసుకెళ్లి చాప మీద కూర్చోబోయాను. వదిన నా చేతిలోంచి కట్ట తీసుకుంది.

"నువ్వెందుకు వదినా, అలసిపోయినవ్. ఇంట్ల కూసో పో. మేం జేస్తం గదా" అన్నది.

ఎంత మెత్తగా అన్నదంటే, నేను నిజంగానే అలసిపోయాననుకొని ఇంటికి వచ్చాను. మూడో రోజుకు గానీ నాకు అర్థం కాలేదు. ఆ తరువాత ప్రతి ఏడూ సద్దులకు ముందు రోజు వదిన పాత దుప్పటి పట్టుకొని వచ్చేది, నేను కోసి పెట్టిన కట్టలను అందులో మూటగట్టుకొని పోయేది. సద్దుల సాయంత్రం నేను గడపలో కుర్చీ వేసుకొని, నా పూల చుట్టూ వాళ్లు చప్పట్లు కొడుతూ తిరగడం చూసేదాన్ని. నా పూలు పనికొస్తాయి, నా చేయి పనికిరాదు. ఆ పదకొండు డైరీలు ఈ మధ్య ముందేసుకొని చూశాను. "పూలు ఇచ్చాను. పద్నాలుగు కట్టలు. సాయంత్రం జల్లు." "పూలు ఇచ్చాను. ఈసారి కాడలు పొట్టి." వాన పడిందా లేదా రాసిన మనిషి, నన్ను చాప మీద నుంచి లేపారని ఒక్క ఏడు కూడా రాయలేదు.

ఇక ఎదురింటి కోడలి సంగతి. ముప్పై రెండేళ్లుంటాయి. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్. ఈ ఏడు హోలీ అయిన వారానికి జ్వరమని ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు. ఆయన జాగలో ఈమెకు కండక్టరు నౌకరి ఇచ్చారు. చీర మీద ఖాకీ కోటు వేసుకొని, తెల్లారకముందే డ్యూటీకి పోతుంది. ఈ పిల్ల కోడలిగా వచ్చిన ఏడు నుంచి మా గల్లీ బతుకమ్మ రూపే మారిపోయింది. ఆమె వరస పెడితే అచ్చులో పోసినట్టు ఉంటుంది, ఒక్క కుచ్చు ముందుకూ వెనక్కూ పోదు. పాలింటి వదిన అంతటి మనిషే, "నువ్వు గూసుంటె నేను గాలి పీల్చుకుంట బిడ్డా" అనేది.

ఈ ఏడు ఎంగిలిపూల రోజు నేను నా గడపలో ఉన్నాను. ఆ పిల్ల డ్యూటీ దిగి వచ్చింది. పాలింటి వాకిట్లో చాప, పూలు, ఆడవాళ్లు. కోటు విప్పి గోడ మీద పడేసి, చెప్పులు విడిచి, చాప అంచున కూర్చొని కత్తెర అందుకుంది. అలవాటు. ఒక కట్ట తీసుకొని కాడలు కత్తిరించింది కూడా. వదిన లేచి, ఆ పిల్ల చేతిలోంచి కట్ట తీసుకుంది.

"నువ్వెందుకు బిడ్డా, డ్యూటీ జేసి అలసిపోయినవ్. ఇంట్ల పండుకో పో. మేం జేస్తం గదా."

అదే మాట, అదే గొంతు. పదకొండేళ్లలో ఆ మెత్తదనం అరగలేదు. ఆ పిల్ల అత్త కూడా అక్కడే కూర్చొని ఉంది, తల ఎత్తలేదు. ఆ పిల్ల కోటు భుజాన వేసుకొని ఇంట్లోకి పోయింది. నాకు కాళ్లలోంచి కోపం పైకి రావడం తెలిసింది. తిట్టి లేపితే ఎవరైనా తిరగబడతారు. మెత్తగా లేపితే, మన మంచికే లేపారనుకొని మనమే మన కాళ్లతో నడిచి పోతాం.

నడుమ రోజుల చిన్న బతుకమ్మలకు బంతిపూలతో సరిపెడతారు. గునుగు గంపలకొద్దీ కావలసింది సద్దుల నాడే. ఆ ముందు రోజు పొద్దున్నే గేటుకు తాళం వేసి కూర్చున్నాను. పది గంటలకు వదిన దుప్పటితో వచ్చింది.

"ఏంది వదినా, పట్టపగలు తాళమేసినవ్. గేటు దియ్యి."

"తియ్య. ఈసారి పూలు ఇస్తలేను."

ఆమె నవ్వింది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ అంటారు, ఆ రోజు అమ్మవారు అలిగిందని పూలు పేర్చరు. "అలిగిన బతుకమ్మ మొన్ననే అయిపాయె గదా. నీ అలక ఇంక దిగలేదా?" అన్నది.

"అలగలే. కోపమొచ్చింది. అలిగితె బతిమాలితె పోతది. ఇది పోదు."

"ఎవరి మీద?"

"నీ మీద. ఎదురింటి పిల్లను చాప మీదికెళ్లి ఎందుకు లేపినవ్?"

"నేనెక్కడ లేపిన? అలసిపోయింది, పండుకోమన్న. మంచి జెప్తే గూడ తప్పేనా?"

"పోయినేడు ఇంటెడు చాకిరి జేసొచ్చి కూసునేది. అప్పుడు అలసట కనబడలే నీకు?"

వదిన దుప్పటిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "ఈ రివాజు నేను వెట్టిన్నా? మా అత్త జెప్పింది, మా అత్తకు వాళ్లత్త జెప్పింది. ముత్తైదుల పండుగ ఇది. రేపు గల్లీల ఎవనికన్న ఏమన్నయితే నన్నంటరు. నిన్నెవరంటరు?"

"పదకొండేండ్ల సంది నా పూలు వెడుతున్నవ్. ఎవనికేమైంది?"

"పూలకేముంటది వదినా. పూలు దేవునియి."

"అయితె దేవుణ్నే అడుక్కో పో. దొడ్డి నాది."

"అసలు నీకేం గావాలె?"

"ఆ పిల్ల చాప మీద కూసోవాలె. మొదటి వరస నుంచి గౌరమ్మ దాక పేర్వాలె. గట్లయితె దొడ్డి దొడ్డి కోసుకపో, నేనే మూటగడత."

వదిన ఒక మెట్టు దిగింది. అంత దూరం వస్తుందని నేను అనుకోలేదు. "సరే, కింది రెండు వరసలు వెట్టమను. మీది వరసల జోలికి, గౌరమ్మ జోలికి మాత్రం రావద్దు. నేను జెప్పుకుంట అందరికి."

ఆ మాటకు నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది. "ఇదేమన్న బేరమాడేటిదా? మాదన్నపేట మార్కెట్ అనుకున్నవా?"

"మార్కెటే నయం. ఆడ పూలకు తాళాలుండయ్" అని దుప్పటి దులిపి వెళ్లిపోయింది. ఆ దులపడం నా మొహం మీదికే.

మధ్యాహ్నం కూరగాయలకు నేను మాదన్నపేటకు పోతే, పూల బండి దగ్గర ఆమె ఉండనే ఉంది. గోనెసంచిలో కుక్కి తెచ్చిన గునుగు, ఉక్కకు నల్లబడి, పట్టుకుంటే కుచ్చు చేతికి రాలుతోంది. వదిన నన్ను చూసి గొంతు పెంచి, నీ పూలే నయం, తాళం లేదని బండాయనతో ఉర్దూలో అన్నది.

"తుమారే ఫూలాఁ అచ్ఛే హైఁ భాయ్. తాలా నై హై."

పూలకు తాళం ఎవరేస్తారని బండాయన అయోమయంగా చూశాడు. "తాలా? ఫూలాఁ కు తాలా కోన్ లగాతా అమ్మా?"

"హై ఏక్. హమారీ గల్లీ మే" అన్నది, ఉన్నది ఒకతె మా గల్లీలో అని, నా వైపు చూడకుండానే. బండాయన నా వైపు చూశాడు. నేను పక్క బండి మీద వంకాయలు ఏరుతున్నాను, ఏరుతూనే ఉన్నాను. సంచిలోకి రెండు పుచ్చులు వచ్చాయి, ఇంటికి వచ్చాక చూసుకున్నాను. నా చేతితో పుచ్చు వంకాయ ఏరడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చి పాత డైరీలు దించాను. నా వాదనకు బలం వెతుక్కోవాలని. గల్లీలో ఎప్పుడైనా, ఎవరైనా, ఒక్క ఏడైనా ఈ రివాజును దాటారేమో చూద్దామని. దొరికింది ఇంకొకటి. ఇరవై ఆరేళ్ల కింద, సద్దుల నాటి పేజీ. మా గల్లీ చివర మిషను కుట్టే ఒకామె ఉండేది, అందరం కుట్టు పెద్దమ్మ అనేవాళ్లం. భర్త లేడు. ఆ పేజీలో నా చేతిరాత: "కుట్టు పెద్దమ్మ పేర్చడానికి కూర్చుంది. మీకు కళ్లు కనబడవు, మేం చేస్తాం అని చెప్పి లేపాను. నొచ్చుకోలేదు. బతుకమ్మ ఆరు వరసలు."

లేపింది పాలింటి వదిన కాదు, నేను. కళ్లు కనబడవట. రాత్రింబగళ్లు సూదిలో దారం ఎక్కించే మనిషికి. నొచ్చుకోలేదని కూడా నేనే తేల్చి రాసేశాను. ఆమె ఇప్పుడు లేదు, క్షమించమని అడగడానికి. ఆ పేజీ చింపుదామన్నంత కోపం వచ్చింది. చింపలేదు. తప్పు నమూనా వస్తే పారేయకూడదు, రాసి ఉంచాలి. ఉద్యోగంలో నేర్చుకున్నది ఆ మాత్రం మిగిలింది.

పొద్దు వాలుతుండగా గేటు చప్పుడైంది. ఎదురింటి కోడలు. ఖాకీ కోటు, భుజాన సంచి, మొహం నిండా దుమ్ము.

"పెద్దమ్మా, తాళం దియ్యున్రి."

తీశాను. లోపలికి వచ్చి కూర్చోలేదు.

"నా పేరు మీద గల్లీల లొల్లి జేసిన్రంట గదా. నన్నొక్క మాట అడిగిన్రా?"

అడగలేదు. ఆ పిల్లను అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

"పొద్దుగాల్ల నుంచి ఒక్కొక్కలు మా అత్త తాన్కి వచ్చి, నీ కోడలే నేర్పిచ్చిందా గీ మాటలు అని అడుగుతున్నరంట. ఆమె అన్నం దినలే. రేపు మీరు తలుపు వెట్టుకొని ఇంట్ల కూసుంటరు. నేను గీ గల్లీలకెళ్లే డ్యూటీకి వోవాలె, గీ గల్లీలకెళ్లే రావాలె."

"అయితే ఏం జెయ్యమంటవ్? వాళ్లు పొమ్మంటే పోతవా ఎప్పటికి?" నేను గట్టిగానే అన్నాను. ఆమె మీద కోపం లేదు, కానీ ఉన్న కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదే పడుతుంది.

"నాకు కోపం లేదనుకుంటున్నరా? నా చేతిల కట్ట గుంజుకున్నప్పుడు, కత్తెర నా ఇంకో చేతిలనే ఉండె పెద్దమ్మా."

మొహం మీది దుమ్మును కొంగుతో తుడుచుకుంది. తరువాత ఆమె దొడ్డి వైపు చూసింది. గునుగు, పట్టుకుచ్చు, నడుమెత్తున గాలికి ఊగుతున్నాయి.

"వాళ్లు జరిగి జాగిస్తె పోయి కూసునుడు నాకొద్దు. ఇచ్చినోళ్లు మల్లోసారి గుంజుకుంటరు. నాకు పేర్వాలని ఉన్నది, గంతే. పెండ్లి గాకముందు నుంచి పేరుస్తున్న. ఆయన పోయిండని నా చేతులు పోయినయా? మీ తాన తాంబాళమున్నదా?"

ఉంది. పదకొండేళ్లుగా అటక మీద ఉంది.

"రేపు డ్యూటీ మార్చుకున్న. పగటీలి వస్త" అని వెళ్లిపోయింది.

మరునాడు తాంబాళం చింతపండుతో తోమి, గుమ్మడాకులు తెచ్చి, రంగు కలిపి పెట్టాను. మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చేటప్పటికి నేను స్కేలు పట్టుకొని కాడలను కొలిచి కత్తిరిస్తున్నాను. చూసి నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు.

"పెద్దమ్మా, ఇది ఆఫీసు గాదు. పెద్దయి కిందికి, పొట్టియి మీదికి. కొలుచుకుంట గూసుంటె దసరా వస్తది."

నా చేయి పని మరిచిపోయింది. నేను పెట్టిన వరస ఒక పక్కకు ఒరిగింది. ఆమె దాన్ని తీసేసి, నన్ను మళ్లీ పెట్టమంది. నడుమ ఆకుల ముక్కలు కూరుతూ, వరస బిగిస్తూ, ఒకటి తెల్ల గునుగు, ఒకటి రంగు గునుగు, ఒకటి పట్టుకుచ్చు పేర్చాం. మూడు గంటలు కూర్చుంటే మోకాలెత్తు బతుకమ్మ లేచింది. మంచి నేలలో పెరిగి, ఆ రోజే కోసిన పువ్వు. ఒక్క కుచ్చు రాలలేదు.

చివరి వరస పెట్టి ఆమె చేయి చాపింది. "గౌరమ్మ ఏది?"

గౌరమ్మ అంటే పసుపు ముద్ద చేసి బతుకమ్మ మీద పెట్టే అమ్మవారు. అది లేకపోతే బతుకమ్మ లేదు, పూల కుప్పే. నేను చేయలేదు. కావలసినవన్నీ ముందు రోజే కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ తెచ్చాను. కత్తెర, దారం, ఆకులు, రంగు. కాగితంలో పసుపు లేదు. మరిచిపోయానని చెబుదామనుకున్నాను. మరుపు కాదని నాకు తెలుసు. గేటు దగ్గర వదినతో గౌరమ్మ దాకా పేర్చాలని పంతం పట్టిన నేనే, నా వంటింట్లో నా పసుపు డబ్బా మీద చేయి వేయలేదు. నన్ను ఎవరూ ఆపలేదు. ఆపే మనిషి నా లోపలే పదకొండేళ్లుగా కూర్చొని ఉంది. ఆమె మీద వచ్చినంత కోపం నాకు పాలింటి వదిన మీద కూడా రాలేదు.

ఆ పిల్ల నా మొహం చూసింది. వంటింట్లోకి పోయి పసుపు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "నీళ్లు జెర తక్కువ పోయున్రి, పలుగుతది" అన్నది. నేను కలిపాను. ఆమె ముద్ద చేసి తమలపాకు మీద పెట్టింది.

దీపాల వేళకు పాలింటి ముందు గల్లీలో వాళ్ల బతుకమ్మ పెట్టారు. మేము మాది తీసుకెళ్లాం. రెండు చేతులా తాంబాళం పట్టుకొని ఆ పిల్ల ముందు, నేను వెనక. ఎదురింటామె, ఈ పిల్ల అత్త, తన అరుగు మీద కూర్చొని ఉంది. లేవలేదు, లోపలికీ పోలేదు.

పాలింటి వదిన మా బతుకమ్మను కింది నుంచి పైదాకా చూసింది. "గౌరమ్మను ఎవరు జేసిన్రు?"

"మేమిద్దరం" అన్నది ఆ పిల్ల.

"అటు దూరంగ వెట్టుకోన్రి. మాది మేం ఆడుకుంటం."

"ఎటు వెట్టాలె అత్తమ్మా? ఇటు మోరీ, అటు స్కూటర్లు" అన్నది ఆ పిల్ల పాలింటి వదినతో. కోపంగా అనలేదు, బస్సులో జాగ చూపించినట్టు అన్నది.

నిజమే. మురికికాలువ పోను మా గల్లీ వెడల్పు రెండు బర్రెలు పక్కపక్కన నడిచేంత. రెండు గుంపులు తిరగడానికి జాగ లేదు. ఎంత దూరం పెట్టినా, వాళ్ల బతుకమ్మ చుట్టూ తిరగాలంటే మా బతుకమ్మ చుట్టూ కూడా తిరగాల్సిందే. ఆ పిల్ల తాంబాళాన్ని వాళ్లదాని పక్కన దించింది. నలుగురు ఆడవాళ్లు పిల్లల చేయి పట్టుకొని ఇళ్లలోకి పోయారు. వాళ్లలో ఇద్దరికి పురుళ్లప్పుడు నేను ఆస్పత్రిలో కావలి కూర్చున్నాను. పేర్లు రాయను, మరిచిపోను కూడా. మిగిలినవాళ్లు వదిన వైపు చూశారు. వదిన పండుగ ఆపలేదు, ఆపితే ఆమె వాకిటి పరువు పోతుంది. పళ్లు కొరుక్కుంటూ మొదటి చప్పట్లు తనే కొట్టింది. ఆ పిల్ల వరసలో చేరింది. నేను కూడా చేరాను. రెండు చుట్లకే మోకాళ్లు పట్టేసి బయటికి వచ్చాను. వదిన నన్ను దాటిపోయిన ప్రతిసారీ చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టింది.

నీళ్లలో వదలడానికి గల్లీ బయట మున్సిపాలిటీవాళ్లు కట్టిన నీళ్ల తొట్టి దాకా మోసుకుపోవాలి. వాళ్ల బతుకమ్మను ముగ్గురు చేతులేసి లేపారు, లేపుతుంటే మార్కెట్ గునుగు జలజల రాలింది. మాది బరువు, పచ్చి పూలు, ఇత్తడి తాంబాళం, ఇంట్లో నుంచి నాలుగడుగులు తెచ్చినంత తేలిక కాదు తొట్టి దాకా మోయడం. ఆ పిల్ల వంగి ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క నేను పట్టుకోబోయాను, మోకాళ్లు వంగలేదు. ఆమె తల ఎత్తి చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు. చూస్తున్నారందరూ, అడుగుతుందేమో చూద్దామని. ఆమె అడగలేదు. ఒక్కతే లేపడానికి నడుం బిగించింది.

అరుగు మీద నుంచి ఆమె అత్త దిగింది. నా మీదికే వచ్చింది.

"ఓ అక్కా, నీ పంతానికి నా కోడలి నడుం ఇరగాల్నా? బతుకమ్మను గింత పెద్దగ పేర్సుడు నేర్చిన్రు, మోసేటోళ్లు లేకపాయిరి. జరుగు."

జరిగాను. ఆమె కొంగు దోపుకొని రెండో పక్క పట్టుకుంది. గల్లీ మొగదల దాకా నన్ను తిడుతూనే పోయింది. కోడలితో కాళ్ల కింద చూసుకొని నడువు అని చెప్పేటప్పుడు మాత్రం నన్ను తిట్టడం ఆపింది. నేను వాళ్ల వెనకే మెల్లగా కుంటుకుంటూ పోయాను.